కనెక్టికట్‌లో కౌంటీనా, ప్రణాళికా ప్రాంతమా?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 1960లోనే కౌంటీ (మన జిల్లా వంటి విభాగం) ప్రభుత్వాలను రద్దు చేసినా, అమెరికా జనగణన శాఖ మాత్రం ఆ 8 కౌంటీల గీతల మీదే లెక్కలు కడుతూ వచ్చి, 2022లో గానీ 9 ప్రణాళికా ప్రాంతాలను (పట్టణాల సమూహాలను) వాటికి బదులుగా గుర్తించలేదు.

పాలన: కౌంటీ కేవలం పటం మీది గీత. ప్రాంతానికి పట్టణాల ఎన్నికైన అధినేతలు కూర్చునే మండలి ఉంది. రవాణా ప్రణాళిక వంటి ఉమ్మడి పనులను అదే చూస్తుంది.

ఖర్చు: కౌంటీకి పైసా అక్కరలేదు. మండలికి పట్టణాల చందాలు, ప్రభుత్వ గ్రాంట్లు కావాలి. పన్ను వేసే అధికారం దానికీ లేదు కనుక పెత్తనం రాష్ట్రంలోని 169 పట్టణాలదే.

శ్రమ, ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీలో ఉన్న బ్రిడ్జ్‌పోర్ట్, స్టామ్‌ఫర్డ్, షెల్టన్ ఇప్పుడు మూడు వేర్వేరు ప్రాంతాల్లో పడ్డాయి, జనగణన లెక్కల్లో వాడే ప్రాంతాల కోడ్‌లూ మారాయి. పాత గణాంకాలను కొత్తవాటితో పోల్చాలంటే పట్టణాల వారీగా మళ్లీ కూడుకోవలసిందే. అది మరిచి గీసిన దేశ పటాల్లో కోడ్‌లు కలవక కనెక్టికట్ ఖాళీగా, తెల్లగా మిగిలిపోతుంది.

పూర్వీకుల రికార్డులు వెతికేవారికి, దశాబ్దాల ధోరణులు చూసేవారికి కౌంటీయే తగినది. కొత్త జనగణన అంచనాలు వాడేవారికి, గ్రాంటు కోసం పొరుగు పట్టణాలతో కలిసి దరఖాస్తు చేసేవారికి ప్రాంతమే సరైనది.