పర్లాకిమిడిలో బేరాల ఇంగ్లీషు: రెండు నెలల తరగతి

'టేబుల్' అన్న ఒక్క మాట వల్ల నిరుడు మాకు 1,750 డాలర్లు పోయాయి.

మా మామగారు పెట్టిన జీడిపప్పు కార్ఖానా ఒడిశాలోని పర్లాకిమిడి శివారులో ఉంది. పిక్కల కొనుగోలు, కాల్పించడం, పొట్టు తీయించడం మా ఆయన చూసుకుంటారు. ఉత్తరాలు, ఫోన్లు, లెక్కలు నావి. 20 అడుగుల కంటైనర్ నిండాలంటే 50 పౌండ్ల పెట్టెలు 700 కావాలి. ఒక్క కార్ఖానాకు అంత సరుకు ఒకేసారి పోగవదు కనుక మరో ముగ్గురితో కలిసి విశాఖ రేవు నుంచి పంపుతాం. అమెరికా కొనుగోలుదారు ఒకరు ధర సంగతి 'టేబుల్' చేద్దామని రాశారు. పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారనే కదా మనం వినేది. కొత్త ధర ముందు పెట్టమంటున్నారనుకుని ఆ రాత్రే పౌండుకు 5 సెంట్లు తగ్గించి పంపాను. అమెరికాలో ఆ మాటకు అర్థం తలకిందులు: ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. ఆయన అడగకుండానే మేం దిగిపోయాం, 35,000 పౌండ్ల మీద. నష్టం నలుగురమూ పంచుకున్నాం. మిగతా ముగ్గురూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ తరవాతే ఈ తరగతిలో చేరాను. విశ్రాంత ఇంగ్లీషు లెక్చరర్ ఒకరు తమ ఇంటి మేడ మీద వారానికి మూడు సాయంత్రాలు చెబుతారు. ఫీజు 4,500 రూపాయలు. మా జట్టులో తొమ్మిది మందిమి. కొమ్ము బొమ్మలు చేయించి అమ్మేవారు ఇద్దరు, పాతపట్నం నుంచి సరిహద్దు దాటి వచ్చే బియ్యం మిల్లు గుమాస్తా ఒకరు, గుణుపురం కుర్రాడు ఒకడు ఉండేవాళ్లు. మాస్టారు ఒకే వాక్యాన్ని ఒడియాలో సగం, తెలుగులో సగం చెప్పి ముగించినా మాలో ఎవరికీ తికమక ఉండదు. ఈ ఊరివాళ్లం కదా.

ఈ తరగతిలో నాకు అన్నిటికన్నా విలువైనది మాటల పట్టిక కాదు, జతలుగా కూర్చోబెట్టి చేయించే బేరం. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి. అమ్మేవారు ఇంతకన్నా దిగను, కొనేవారు ఇంతకన్నా ఎక్కను అనే ధర ఎవరి చీటీలో వారు రాసుకుని మడిచి పెట్టుకోవాలి. మొదటి రోజు నేను, "రెండు సెంట్లు తగ్గిస్తాం, మీరు సొమ్ము ముందు పంపితే" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో అన్నాను. మాస్టారు ఆపేశారు. "అమ్మా, తగ్గిస్తామన్న మాట ముందే వాళ్ల చెవిన పడిపోయింది. ఇక షరతు ఎవరు వింటారు? 'ఇఫ్'తోనే మొదలు పెట్టండి" అన్నారు. ఆలోచిస్తే తెలుగులో మనకు ఈ చిక్కే లేదు. "మీరు ముందు పంపితే" అనకుండా "తగ్గిస్తాం" దాకా సహజంగా రాలేం. ఇంగ్లీషులో షరతును చివర తగిలించే వీలుంది, అక్కడే జారిపోతాం. ఇరవై ఏళ్లుగా ఉత్తరాలు రాస్తున్నా ఈ తేడా నాకు ఎవరూ చూపలేదు.

ఇంకో రోజు, ధర దించకుండా గ్రేడు దించమని నేర్పారు. డబ్ల్యూ 240 అంటే పౌండుకు 220 నుంచి 240 జీడిపప్పు గుళ్లు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320, అంటే చిన్న పప్పు. కొనేవారు 240 గ్రేడుకు ధర తగ్గించమని పట్టుబడితే, ఆ తగ్గిన ధరకు 320 ఇవ్వగలమని మర్యాదగా అనే వాక్యాలు పది రకాలుగా పలికించారు. 'స్వీటెనర్' అన్నప్పుడు మాస్టారు ఇచ్చిన తెలుగు 'కొసరు'. అంతకన్నా సరిగ్గా ఎవరు చెప్పగలరు! 'బాల్‌పార్క్ ఫిగర్' ఉజ్జాయింపు అంకె, 'ఫర్మ్ ఆఫర్' మాట ఇచ్చిన ధర. ఈ రెంటినీ కలిపేస్తే కొంప మునుగుతుందని గట్టిగా హెచ్చరించారు. బేరసారాల మీద పుస్తకం రాసిన రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో ప్రచారంలోకి తెచ్చిన 'బాట్నా' కూడా అలాగే ఒంటబట్టింది: ఈ బేరం తెగితే మన చేతిలో మిగిలే మేలైన దారి. నాకైతే అది ఆ రోజు పలాస బజారులో జీడిపప్పు టోకు ధర. ఇప్పుడు ఫోన్ తీసే ముందు ఆ అంకె కాగితం మీద రాసుకుంటాను.

లోపాలూ చెప్పాలి. రెండు వారాలు బేస్‌బాల్ నుంచి వచ్చిన జాతీయాలకే పోయాయి. దుబాయిలో, వియత్నాంలో మాతో మాట్లాడేవారికి కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే, వాళ్లు వాటిని వాడరు. సరుకు ఖర్చు, నష్టభయం ఎక్కడిదాకా ఎవరివో తేల్చే ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటి షరతులకు మాత్రం ఒక్క సాయంత్రం! ఎఫ్‌ఓబీలో సరుకు ఓడ మీదికి చేరేదాకా నష్టభయం అమ్మేవారిదే. అంతర్జాతీయ వ్యాపార షరతుల పట్టిక ఇన్‌కోటెర్మ్స్ 2020లో ఇలాంటివి 11 ఉన్నాయి. డబ్బు పోయేది అక్కడ కాబట్టి కనీసం వారం కేటాయించాలి. జిరాక్సు నోట్సు కొన్ని పుటల్లో అచ్చు కనపడదు.

అయినా ఇంటిపని చూస్తే ఆ లోపాలు మరిచిపోతాను. మనకు వచ్చిన అసలు ఉత్తరాలు తెచ్చి, సందేహం ఉన్న ప్రతి మాట కిందా గీత గీయాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవరల నోట విని సవర భాష నేర్చుకున్న మనిషి ఆయన. మాస్టారు ఆ సంగతి చెప్పి, కొనేవారి మాట కొనేవారి నోటినుంచే పట్టుకోమంటారు. పోయిన నెల అదే అమెరికా ఆయన ఫోన్‌లో మళ్లీ ఒక తెలియని పలుకుబడి వాడారు. ఊహించకుండా, మీ ఉద్దేశం ఇదేనా అని అడిగాను. కాదన్నారు, విడమరిచి చెప్పారు. ధర ఒక్క సెంటు కూడా కదలలేదు.

తరవాతి జట్టు రథయాత్ర అయ్యాక మొదలవుతుంది. మా చిన్న ఆడపడుచును చేర్పిస్తున్నాను. ముందు వరుసలోనే కూర్చోమన్నాను, వెనక కూర్చుంటే ఫ్యాను చప్పుడులో తరగతిలో వినిపించే రికార్డింగులు వినపడవు.