ఎర్రగడ్డ కుప్పా, ఫోనులో పేజీయా, అమ్మ బీరువాయా?

రెండేళ్ళ కిందటి వరకు నా బట్టలన్నీ పండగలకో పెళ్ళిళ్ళకో కొన్నవే. ఒకరోజు బీరువా ఖాళీ చేసి అన్నీ మంచం మీద పరిచాను. కుర్తాలు 18 తేలాయి. వాటిలో ఆఫీసుకు మళ్ళీ మళ్ళీ వేసుకునేవి నాలుగే. మిగతా పద్నాలుగూ దుకాణంలో అద్దం ముందు బాగున్నవి, లేదా వెంట వచ్చినవాళ్ళు బాగుందన్నవి. నాకు నప్పేదేమిటో నాకే తెలియదన్న మాట. అది తెలిసేదాకా కొత్తవి కొంటూ పోతే జీతం చాలదు కనుక పాత బట్టల వైపు తిరిగాను. హైదరాబాదులో నాకు దొరికిన దారులు మూడు.

మొదటిది ఎర్రగడ్డ ఆదివారం సంత. పాత ఫోన్లు, డ్రిల్లింగ్ మిషన్లు, జత తప్పిన స్పీకర్ల నడుమ టార్పాలిన్ల మీద బట్టల కుప్పలు ఉంటాయి. వరసలుండవు, సైజులు వేరుచేసి ఉండవు. వంగి తవ్వుకోవాల్సిందే. మొదటి ఆదివారం గంటసేపు తవ్వి, నడుం పట్టేసి, ఖాళీ చేతులతో వచ్చాను. నాలుగో వారానికి చేతికి తెలివి వచ్చింది. కళ్ళు రంగు దగ్గర మోసపోతాయి కానీ వేళ్ళు నూలును, పాలిస్టర్‌ను చూడకుండానే పట్టేస్తాయి. అనుమానంగా ఉంటే ఇంటికి వచ్చాక అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలు కాలిన కాగితం వాసన వేసి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, ముడుచుకుని, గట్టి పూసలా మిగులుతుంది.

అక్కడ ట్రయల్ రూము ఉండదు. ఒంటికి అతుక్కునే టీషర్టు వేసుకుని వెళితే చొక్కాలు పైనుంచే తొడిగి చూసుకోవచ్చు. చూడాల్సింది ముందు భుజం. మా వీధి టైలరు పక్కలు లోపలికి కుట్టడానికి 60 రూపాయలు తీసుకుంటాడు, పొడుగు తగ్గించడానికీ అంతే. భుజం జారితే మాత్రం చేతులు విప్పి మళ్ళీ ఎక్కించాలి. దానికి 150 పెట్టినా పాత కుట్టు గుర్తు పోదు. తరువాత చంకలు, కాలరు లోపలి మడత చూడండి, మరకలు దాక్కునేది అక్కడే. ఆపైన బట్టను వెలుతురుకు ఎత్తి పట్టండి. నేను ఒక ఉన్ని జాకెట్టును ఆ పని చేయకుండా 200కు బేరమాడి గెలిచాననుకున్నాను. ఇంట్లో ట్యూబులైటు కింద చూస్తే వీపంతా పురుగు కొట్టిన చిల్లులే.

కుప్పలో పోచంపల్లి కనిపిస్తే తిరగేసి చూడటం మరిచిపోకండి. పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో దారాన్ని ముందే ముడులు కట్టి రంగు అద్ది, ఆ తరువాతే మగ్గం మీదకు ఎక్కిస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. తిరగేస్తే వెలిసినట్టు కనిపించేది అచ్చు వేసిన నకలు. పోచంపల్లి మనకు 50 కిలోమీటర్ల లోపే ఉన్నా, ఈ తేడా నాకు నేర్పింది ఎర్రగడ్డలో 120 రూపాయలకు కొన్న ఒక నకలు కుర్తా.

సంత అంటే పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజారు కూడా ఉంది కదా అంటారు. పేరులోనే గురువారం ఉంది, ఆఫీసు రోజు. సెలవు పెట్టి రెండుసార్లు వెళ్ళాను. పాత సామాన్లకు బాగుంది, బట్టల కోసం మూడోసారి వెళ్ళను.

అసలు అడ్డంకి బేరం దగ్గర రాలేదు, ఇంట్లో వచ్చింది. "ఎవరు కట్టి విడిచినవో ఏమో! పోయినవాళ్ళవైతే?" అని అమ్మ సంచిని గుమ్మం దాటనివ్వలేదు. పదో తరగతి దాకా నేను కట్టింది అక్క విడిచినవే కదా అంటే, అక్క ఎవరో తెలుసుగా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నూలువైతే వేడి నీళ్ళలో నానబెట్టి ఉతికి, తిరగేసి, మే నెల ఎండలో రెండు రోజులు ఆరేస్తాను. అమ్మ ఇప్పటికీ వాటిని మడత పెట్టదు.

రెండో దారి ఇన్‌స్టాగ్రామ్‌లో థ్రిఫ్ట్ పేరుతో, అంటే వాడిన బట్టలు అమ్ముతూ, నడిచే పేజీలు. ఉతికి, ఇస్త్రీ చేసి, కొలతలు రాసి అమ్ముతారు. దుమ్ము లేదు, నడుం నొప్పి లేదు. కానీ ప్రతిదీ ఒక్కటే ఉంటుంది, ముందు అడిగినవాళ్ళది. ఆ తొందరలో నాకు కావాలా అన్న ప్రశ్న పక్కకు పోయి, ఇంకెవరో ఎగరేసుకుపోతారేమో అన్న భయం మిగులుతుంది. ఫొటోలో బట్ట తొడిగిన బొమ్మ వెనక పిన్నులు పెట్టి బిగించారేమో మనకు కనపడదు. నేను 650కి కొన్న డెనిమ్ చొక్కా, కొరియరుకు ఇంకో 80, నా మీద గోనెసంచిలా వేలాడింది. వాపసు లేదు. ఇంకొకటి కూడా ఉంది, ఇది నా చాదస్తమే అనుకోండి. అక్కడ ఏరడం ముందే అయిపోయి ఉంటుంది, ఆ పేజీ నడిపే అమ్మాయి అభిరుచితో. ఆరు నెలలు అక్కడే కొన్నవాళ్ళంతా ఒకరిలా ఒకరు కనిపించడం నేను చూశాను.

అయినా జీన్సు విషయంలో ఆ పేజీలే నయం. సంతలో జీన్సు తొడిగి చూసే వీలు లేదు. మీకు బాగా కుదిరిన ప్యాంటును నేల మీద పరిచి, నడుం, తొడ, పొడుగు టేపుతో కొలిచి ఫోనులో రాసి పెట్టుకోండి. లేబులు మీది 30, 32 నమ్మకండి, ఒక కంపెనీ 30 ఇంకో కంపెనీ 32 అవుతుంది.

మూడోది అమ్మ బీరువా. అయిదున్నర మీటర్ల చీరలో ఒక పొడుగు కుర్తా, పైన ఒక జాకెట్టు తేలిగ్గా వస్తాయి. అమ్మ గద్వాల చీర నాకు బాగా పనికొచ్చింది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు కావడంతో ఎండకు నూలు, చూపుకు పట్టు. అంచును చేతుల చివరకు, కొంగును వీపు భాగానికి వేయించాను. ఆఫీసులో ఎక్కడ కొన్నావని జనం అడిగే బట్ట ఇదొక్కటే. అయితే ఏళ్ళ తరబడి మడత మార్చని పట్టు ఆ మడతల దగ్గరే చీకిపోతుంది. కత్తెర పెట్టే ముందు మడత దగ్గర రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూడండి. చిటచిటమంటే దాన్ని కుట్టించకండి. అన్నిటికన్నా ముందు అడగండి. నేను అడగకుండా కత్తిరించిన ఒక నారాయణపేట చీర అమ్మమ్మ పెట్టినదట. ఆ సంగతి ఇప్పటికీ ప్రతి పండక్కీ వస్తుంది.

ఏది మేలంటే, ఏమి నప్పుతుందో ఇంకా తెలియనివాళ్ళకు నేను ఎర్రగడ్డే చెబుతాను. అక్కడ తప్పు చేస్తే పోయేది వంద రూపాయలు. నేను జన్మలో వేసుకోననుకున్న ఆవపువ్వు పసుపు నాకు నప్పుతుందని తెలిసింది 80 రూపాయల చొక్కాతో. దుకాణంలో 1,500 పెట్టి ఆ రంగు ముట్టుకునేదాన్ని కాదు. నాలుగైదు నెలలు అలా తిరిగాక బీరువా తెరవండి, అప్పటికి ఏ చీర మీద కత్తెర పెట్టాలో తెలిసి ఉంటుంది. తిరగడానికి ఆదివారాలు లేనివాళ్ళు, కొలతలు చేతిలో ఉంటే, పేజీల దగ్గరకు వెళ్ళవచ్చు.

చెప్పులు, బూట్లు మాత్రం ఎక్కడా పాతవి కొనను. అవి అప్పటికే ఇంకొకరి పాదం ఆకారానికి వంగి ఉంటాయి, దాన్ని సరిచేసే టైలరు లేడు.