ఆఫీసు బూట్లు, ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ: ఏ జత మేలు?

పని మీద తరచూ విమానం ఎక్కేవాళ్లు బూట్ల నుంచి మూడు కోరుకుంటారు. రోజంతా వేసుకున్నా కాళ్లు లాగకూడదు. ఏడాది తిరక్కుండానే సోల్ ఊడిపోకూడదు. సెక్యూరిటీ గేటులోంచి నడిస్తే బీప్ రాకూడదు. మొదటి రెండిటికీ షాపులో ఎవరైనా సలహా ఇస్తారు. మూడోదాని గురించి అడిగితే సేల్స్‌మన్ తెల్లమొహం వేస్తాడు, ఎందుకంటే అది పైకి కనిపించదు. మనం తోలు, రంగు, మెరుపు చూసి కొంటాం. మెటల్ డిటెక్టర్ మాత్రం అరికాలి కింద పొరల మధ్య దాగిన ఉక్కు పట్టీని పట్టుకుంటుంది.

ఆ పట్టీని షాంక్ అంటారు. మడమ కాస్త ఎత్తుగా ఉన్న బూటులో, మడమకీ ముందుపాదానికీ మధ్య భాగం నేలకు ఆనదు. అక్కడ ఆసరా లేకపోతే అడుగు వేసినప్పుడల్లా బూటు నడుం దగ్గర కుంగుతుంది, పాదం వంపు నొప్పెడుతుంది. అందుకని ఇన్‌సోల్‌కీ (లోపల పాదం ఆనే పొర) సోల్‌కీ మధ్య ఓ సన్నటి బద్ద పెడతారు. సంప్రదాయ ఫార్మల్ బూట్లలో అది ఉక్కుది కావడం మామూలే. నైలాన్, ఫైబర్‌గ్లాస్ బద్దలూ ఇదే పని చేస్తాయి, కొన్ని బూట్లలో చెక్కవి కూడా ఉంటాయి. నడిచేవాడి పాదానికి ఈ తేడా దాదాపు తెలియదు. గేటుకు మాత్రం తెలుస్తుంది.

కొనేముందు చూసుకోవడానికి చిన్న కిటుకు ఉంది. కాస్త బలమైన అయస్కాంతం ఒకటి తీసుకుని, బూటు బోర్లించి, మడమ ముందు అంచు నుంచి ముందుపాదం వైపు మెల్లగా జరపండి. ఉక్కు షాంక్ ఉంటే ఓ చోట అయస్కాంతం చేతిలోంచి కిందికి లాగినట్టు అవుతుంది. సోల్ మరీ మందంగా ఉంటే చెయ్యి లోపలికి పెట్టి ఇన్‌సోల్ మీద జరిపితే ఇంకా బాగా తెలుస్తుంది. మడమ దగ్గర కొంచెం లాగితే కంగారు పడక్కర్లేదు, అవి సాధారణంగా మేకులు. ఇత్తడి బకిల్, అల్యూమినియం ముక్కలు అయస్కాంతానికి అంటుకోవు గానీ గేటుకు దొరికే అవకాశం ఉంది. లేసు కన్నాల చుట్టూ ఉండే చిన్న రింగులతో మామూలుగా ఇబ్బంది రాదు. గేటును ఎంత సున్నితంగా పెట్టారన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, నిన్న మోగని బూటు ఇవాళ వేరే ఊళ్లో మోగొచ్చు.

ఇక్కడ కాస్త చరిత్ర. 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో రిచర్డ్ రీడ్ అనేవాడు బూటులో దాచిన పేలుడు పదార్థానికి నిప్పంటించబోయి దొరికిపోయాడు. ఆ తర్వాత 2006 ఆగస్టు నుంచి అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ప్రయాణికులు బూట్లు విప్పి ఎక్స్‌రే బెల్టు మీద పెట్టడం తప్పనిసరి అయింది. 2025 జులైలో ఆ నిబంధన ఎత్తేశారు, అనుమానం వస్తే మాత్రం ఇప్పటికీ విప్పమంటారు. బూట్లు ఎలాగూ విప్పాల్సిన చోట లోపల ఏ షాంక్ ఉందన్నది లెక్కలోకి రాదు, ఎంత త్వరగా విప్పి తొడుక్కోగలం అన్నదే లెక్క. కాళ్లకు వేసుకునే నడవనిచ్చే చోట దీనికి సరిగ్గా తిరగబడుతుంది. అప్పుడు లేసులతో పేచీ లేదు, ఉక్కుతోనే పేచీ. మీరు ఎక్కువగా తిరిగే ఎయిర్‌పోర్టుల్లో ఏ పద్ధతి ఉందో చూసుకున్నాకే ఏ జత మేలన్నది తేలుతుంది. బాడీ స్కానర్లు ఉన్న చోట సంగతి వేరు. అవి లోహం కోసమే వెతకవు, ఒంటి మీద తేడాగా కనిపించిన దేన్నైనా చూపిస్తాయి.

కుట్టా, జిగురా?

మన్నిక విషయంలో అసలు పోటీ ఈ రెండిటి మధ్యే. వెల్ట్ కుట్టులో పైతోలునీ ఇన్‌సోల్‌నీ కలిపి చుట్టూ ఓ తోలు పట్టీకి కుడతారు, సోల్‌ను ఆ పట్టీకి విడిగా కుడతారు. సోల్ అరిగితే ఆ రెండో కుట్టు విప్పి కొత్తది వేయొచ్చు, పైభాగం జోలికి వెళ్లక్కర్లేదు. పైతోలు బాగుంటే ఇలా చాలాసార్లు చేయించుకోవచ్చు. గుడ్‌ఇయర్ వెల్ట్ అని లేబుల్ మీద కనిపించేది ఇదే. లోపల కార్క్ పొర వేస్తే అది కొన్నాళ్లకు మన పాదం ఆకారంలో కుదురుకుంటుంది. ఆ కొన్నాళ్లూ మాత్రం నరకమే. కొత్త వెల్ట్ బూటు గట్టిగా ఉంటుంది, మడమ వెనక కరుస్తుంది, బరువూ ఎక్కువే. ముఖ్యమైన ప్రయాణానికి ముందురోజు కొని మర్నాడు వేసుకుని బయల్దేరితే పొక్కులు ఖాయం.

జిగురుతో అంటించినవి మొదటి రోజు నుంచే హాయిగా ఉంటాయి. పైన తోలు, కింద ఫోమ్ సోల్ ఉన్న స్నీకర్ తరహా ఆఫీసు బూట్లు ఈ కోవలోవే. తేలిక, మెత్తన, చాలావాటిలో ఉక్కు ఉండదు. గేటు దగ్గర వీటికి ఎదురులేదు. కానీ ఫోమ్ రోజురోజుకీ అణిగిపోతుంది, అణిగాక మళ్లీ లేవదు. పైతోలు నిగనిగలాడుతున్నా కింద మెత్తదనం పోయాక జత మొత్తం పారేయాల్సిందే. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోల్‌కి ఇంకో జబ్బు ఉంది. గాలిలోని తేమ తగిలి లోపల్లోపలే విచ్చిపోతుంది. జాగ్రత్తగా పెట్టెలో దాచిన బూటు ఏళ్ల తర్వాత వేసుకుంటే నాలుగడుగులకే బిస్కెట్‌లా పొడి రాలడం అందుకే. అలాంటివి దాచుకోకుండా వాడేయడమే మంచిది. రబ్బరు సోల్‌కి ఈ బాధ లేదు.

ఈ రెండిటికీ మధ్యస్థంగా బ్లేక్ కుట్టు ఉంది. సోల్‌ను నేరుగా ఇన్‌సోల్‌కే కుడతారు కాబట్టి బూటు పల్చగా, తేలిగ్గా వస్తుంది, సులువుగా వంగుతుంది. వానలో మాత్రం ఆ కుట్టు వెంట తడి లోపలికి ఎక్కుతుంది. సోల్ మార్చొచ్చు గానీ దానికి ప్రత్యేకమైన మెషిన్ ఉన్నవాళ్లు కావాలి.

లేసులా, లోఫరా, చెల్సీయా?

లేసులు లేని లోఫర్‌కి ఉన్న పేరంతా విప్పడం, తొడగడం గురించే. వెనకాల నిలబడ్డవాళ్లు నిట్టూర్చేలోపు పని అయిపోతుంది. కానీ లోఫర్‌ని పాదానికి బిగించే ఆధారం ఏదీ లేదు. కొంచెం వదులైతే మడమ లేచిపోతుంటుంది, దాన్ని ఆపడానికి మనకు తెలియకుండానే వేళ్లు ముడుస్తాం, సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. మీటింగుల్లో కూర్చునేవాళ్లకు సరిపోతుంది. రోజంతా నిలబడే ఉద్యోగానికి నేనైతే వద్దంటాను. పైగా లోఫర్ అనగానే ఉక్కు ఉండదనుకోకండి. మడమ కాస్త ఎత్తున్న లోఫర్లలో ఉక్కు షాంక్ ఉండొచ్చు.

చెల్సీ బూట్లకు పక్కన ఎలాస్టిక్, వెనక పట్టుకుని లాగడానికి చిన్న పట్టీ ఉంటాయి. లోఫర్ అంత సులువుగా ఎక్కుతాయి, చీలమండను పట్టి ఉంచుతాయి కాబట్టి నడకకు మేలు. చిక్కల్లా ఏమిటంటే, చీలమండ దాటిన బూటు కనిపిస్తే చాలాచోట్ల విప్పమంటారు, మోగినా మోగకపోయినా. ఎలాస్టిక్ సాగిపోతే మార్పించడం కూడా కొంచెం ఓపిక పని.

లేసుల బూట్లలో ఆక్స్‌ఫర్డ్ కంటే డెర్బీ నయం. గంటల తరబడి సీట్లో కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో లేసు కన్నాలున్న రెండు రెక్కలూ కిందివైపు కలిపి కుట్టేసి ఉంటాయి, ఎంత వదులు చేసినా కొంతవరకే తెరుచుకుంటుంది. డెర్బీ రెక్కలు విడిగా ఉంటాయి, ఉబ్బిన పాదానికి చోటిస్తాయి. లేసు విప్పే విసుగు వద్దనుకుంటే ఎలాస్టిక్ లేసులు వేయించుకోండి. ముడి విప్పకుండానే కాలు లోపలికి దూరుతుంది, చూడటానికి మామూలు లేసులాగే కనిపిస్తుంది.

నన్నడిగితే మడమ తక్కువగా ఉన్న డెర్బీ, నైలాన్ లేదా ఫైబర్‌గ్లాస్ షాంక్, కుట్టిన రబ్బరు సోల్. ఎక్కువమందికి ఇదే నప్పుతుంది. బూట్లు విప్పించే ఎయిర్‌పోర్టుల్లోనే తిరిగేవాళ్లు చెల్సీ తీసుకోవచ్చు. విమానం దిగి కిలోమీటర్లు నడిచేవాళ్లకు, జత త్వరగా పాడైనా ఫర్వాలేదనుకునేవాళ్లకు ఫోమ్ సోల్ బూట్లే హాయి.

ఫ్యాక్టరీలకు, సైట్లకు వెళ్లేవాళ్లు ఈ లెక్కలోకి రారు, వాళ్లకు ముందు భాగంలో కాలివేళ్లను కాపాడే గట్టి టోపీ (టో) ఉన్న సేఫ్టీ బూట్లు కావాలి. స్టీల్ టో అయితే గేటు మోగడం దాదాపు ఖాయం. కాంపోజిట్ టో అయితే ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ లాంటివాటితో చేస్తారు. సేఫ్టీ బూట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345 ప్రకారం ఏ టోపీ అయినా 200 జౌల్స్ దెబ్బ, 15 కిలోన్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాల్సిందే, కాబట్టి ప్లాస్టిక్ కదా అని తక్కువ చేయక్కర్లేదు. ముందు భాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, అంతే. అల్యూమినియం టో తేలికే గానీ గేటు దగ్గర లాభం లేదు. ఇంకో మెలిక ఉంది. కాంపోజిట్ టో అని రాసి ఉన్నా, మేకు గుచ్చుకోకుండా అడుగున ఉక్కు రేకు ఉండొచ్చు. ఆ రేకుకు బదులు అరమిడ్ (కెవ్లర్ లాంటి గట్టి నార) గుడ్డ పొర ఉన్నవీ వస్తాయి. బూటు మొత్తం మెటల్ ఫ్రీ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.

ఇప్పటికే మంచి వెల్ట్ బూట్లుండి, అవి మోగుతుంటే పారేయక్కర్లేదు. సోల్ మార్పించే రోజున షాంక్ బయటపడుతుంది. అప్పుడే ఉక్కుది తీసేసి ఫైబర్‌గ్లాస్‌ది పెట్టమని బూట్లు కుట్టేవాళ్లకు ముందుగానే చెప్పండి, కొత్త సోల్ కుట్టేశాక చెబితే మళ్లీ అంతా విప్పాలి.