పాత కార్డు కొనేటప్పుడు ఏది మేలు: కంటికి నచ్చిందా, గ్రేడ్ ఎక్కువున్నదా?

ఒకే ఆటగాడి 1950ల నాటి బేస్‌బాల్ కార్డులు రెండు మీ ముందున్నాయి అనుకోండి. కార్డు ఎంత బాగుందో చూసి 1 నుంచి 10 దాకా గ్రేడ్ ఇచ్చే పీఎస్ఏ అనే కంపెనీ లెక్కలో ఒకటి 3, రెండోది 5. మూడో గ్రేడ్ కార్డులో బొమ్మ సరిగ్గా మధ్యలో ఉంది, రంగులు నిన్ననే అచ్చేసినట్టున్నాయి, కాకపోతే ఒక సన్నటి ముడత ఉంది, అది కూడా దీపం కింద వంచి చూస్తేనే కనపడుతుంది. ఐదో గ్రేడ్ దాంట్లో ముడతలేం లేవు, మూలలు పర్లేదు, కానీ బొమ్మ మొత్తం ఒక పక్కకి జరిగిపోయి అటువైపు తెల్ల అంచు దారప్పోగంతే మిగిలింది. ఏది తీసుకోవాలి?

దాచుకోవడానికైతే నేను 3 తీసుకుంటాను, ఇందులో నాకు అనుమానమే లేదు.

గ్రేడింగ్ కంపెనీ తప్పు చేసిందని కాదు. వాళ్ళ లెక్క వేరు, మన కళ్ళ లెక్క వేరు. పీఎస్ఏ ప్రమాణాల్లో 5 రావడానికి ముందువైపు సెంటరింగ్ (బొమ్మ ఎంత మధ్యలో ఉందన్నది) సుమారు 85/15 ఉన్నా చాలు, అంటే ఒక పక్క అంచు 85 వంతులు, ఎదురు పక్క 15 వంతులే ఉండేలా బొమ్మ బాగా జరిగినా ఆ గ్రేడ్ వచ్చేస్తుంది. అదే ఎంత చక్కటి కార్డైనా ఒక్క ముడత పడితే గ్రేడ్ దబ్బున కిందకి పోతుంది. వెనకవైపు కాస్త కాగితం లేచిపోయిందా, ఆల్బమ్‌కి అంటించిన జిగురు గుర్తు ఉందా, ఇక 1 గానీ 2 గానీ వస్తుంది, ముందువైపు ఎంత మెరిసిపోతున్నా సరే. ఆల్బమ్‌లో ఎప్పుడూ కనపడని వైపు మీద ఉన్న లోపానికి ధర సగానికి పైగా తగ్గుతుందంటే, చూసి ఆనందించడానికి కొనేవాడికి అంతకంటే మంచి బేరం ఏముంటుంది?

అలాగని కంటినే నమ్ముకుని గ్రేడ్ లేని ఖరీదైన కార్డు కొనేయమని నేను చచ్చినా చెప్పను. పాత కార్డుల్లో అందంగా ఉన్నవాటినే ఎక్కువ అనుమానించాలి. అరిగిపోయిన అంచుని ఒక వెంట్రుకవాసి కత్తిరిస్తే మూలలు మళ్ళీ పదునుగా కనిపిస్తాయి, వంకరగా ఉన్న సెంటరింగ్ కూడా సర్దుకున్నట్టు ఉంటుంది. కొందరు రంగు అద్దుతారు, ముడతని నొక్కి పెడతారు, మరకని కడుగుతారు. ఇవన్నీ చేసేదే మన కంటిని మెప్పించడానికి, కాబట్టి అక్కడ మన కన్ను మనకి సాయపడదు. పైగా పాత కార్డుల పునర్ముద్రణలు బోలెడు. తన 1952 నాటి బేస్‌బాల్ కార్డుల సెట్‌ని టాప్స్ కంపెనీయే 1983లో మళ్ళీ అచ్చేసింది. చేతిలో పట్టుకుంటే తేడా తెలుస్తుంది గానీ ఒక్క ఫొటో చూసి డబ్బు పంపేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

గ్రేడింగ్ కూడా దేవుడి మాట కాదు, అదీ గుర్తుండాలి. టీ206 అనే పాత సెట్‌లోని ఒక హోనస్ వాగ్నర్ (బేస్‌బాల్ ఆటగాడు) కార్డు సంగతి ఈ అలవాటున్న వాళ్ళందరికీ తెలుసు. పీఎస్ఏ 1991లో మొదలైనప్పుడు గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే, 8 ఇచ్చారు. దాని అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. అయినా నా మాట మారదు. విలువైన కార్డుకి పీఎస్ఏ, ఎస్‌జీసీ లాంటి చోట పరీక్ష జరిగి ఉండాల్సిందే. కాకపోతే స్లాబ్ (గ్రేడ్ చేసిన కార్డుని సీలు వేసి పెట్టే ప్లాస్టిక్ పెట్టె) మీద నేను మొదట చూసేది కార్డు అసలుదేనా, కోతలు పడలేదా అన్నది, అంకె ఆ తర్వాత. అది తేలాక ఒకే గ్రేడ్ ఉన్న నాలుగైదు కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఒక 4 కి ఇంకో 4 కి ఎంత తేడా ఉంటుందో మీకే అర్థమవుతుంది. అందమైన 4 కి నలుగురూ కాస్త ఎక్కువే పెడతారు, నేనూ పెడతాను.

అంకే రాజ్యమేలే చోటు ఒకటుంది, పై గ్రేడ్‌లు. 1952 టాప్స్ మికీ మాంటిల్ పీఎస్ఏ 9 కార్డు 2021లో 52 లక్షల డాలర్లకి పోతే, ఎస్‌జీసీ 9.5 ఇచ్చిన కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఏడాదిన్నరలో మార్కెట్ కూడా మారింది నిజమే, కానీ ఆ ఎత్తున అర గ్రేడ్‌కి కూడా చాలా విలువ ఉంటుంది. పెట్టుబడి కోసం, రెండు మూడేళ్ళలో అమ్మేద్దామని కొనేవాళ్ళు అంకె చూసుకోవడమే మేలు, ఎందుకంటే రేపు కొనేవాడు కూడా ముందు దాన్ని పెట్టే వెతుకుతాడు.

మధ్యలో ఇంకో రకం ఉంది, 8 పక్కన ఓసీ అని రాసినవి. బొమ్మ పక్కకి జరిగింది, మిగతాదంతా 8 స్థాయి అని దానర్థం. మార్కెట్లో వీటిని దాదాపు 6 తో సమానంగా చూస్తారు. నాకు వంకర సెంటరింగ్ అస్సలు పడదు కాబట్టి మామూలు 6 వైపే వెళ్తాను. మూలల పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం ఓసీ కార్డే చవకలో దొరికిన మంచి కార్డు.

ఏది కొన్నా ఫొటో ఒక్కటి చూసి తేల్చుకోవద్దు. రంగులు పెంచి పెట్టే ఫొటోలు ఎక్కువైపోయాయి. వెనకవైపు ఫొటో, లైటు పక్కనుంచి పడేలా వంచి తీసిన ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. ఇక గ్రేడింగ్ ఫీజుకి కూడా సరిపోని చిన్న కార్డులకి ఈ టెన్షన్ అంతా దండగ, నచ్చితే కొనుక్కుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.