పెడల్ చెత్తబుట్ట: పద్నాలుగు నెలల వాడకం తరువాత

చెత్తబుట్ట కొనేటప్పుడు మనలో చాలామంది చూసేవి రెండే విషయాలు: వంటగది మూలలో పడుతుందా, మూత సరిగ్గా కూర్చుంటుందా. నేనూ అలాగే చూసి, కిందటి ఏడాది పన్నెండు లీటర్ల పెడల్ చెత్తబుట్టను 1,450 రూపాయలకు కొన్నాను. బయట గుండ్రటి స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా, లోపల పిడి పట్టుకుని పైకి తీయగలిగే ప్లాస్టిక్ బకెట్టు, కాలితో నొక్కితే లేచి, వదిలితే మెల్లగా మూసుకునే మూత. నలుగురం ఉండే ఇంట్లో తడి చెత్తకు పద్నాలుగు నెలలుగా రోజూ దీన్నే వాడుతున్నాం. ఇన్నాళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: కొనే ముందు ఆ బుట్టను ఎంత సులువుగా, ఎంత పూర్తిగా కడగవచ్చో చూడాలి, మిగతా హంగులన్నీ ఆ తరువాతే. ఆ పరీక్షలో ఈ బుట్ట సగం నెగ్గింది, సగం ఓడింది.

దీనికి ముందు మా ఇంట్లో ఉన్నది మునిసిపాలిటీ వారి ఆకుపచ్చ బుట్ట. 2015లో హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలం రంగుది చొప్పున ఇంటింటికీ రెండేసి బుట్టలు పంచింది. ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కావడం వల్ల దానికి కీళ్లు లేవు, స్ప్రింగులు లేవు, నీళ్లు పోసి పీచుతో రుద్దితే రెండు నిమిషాల్లో శుభ్రపడేది. మేము దాన్ని మూత లేకుండానే వాడేవాళ్లం. మామిడిపండ్ల కాలం రాగానే తొక్కల మీద చిన్న దోమల్లాంటి పండు ఈగలు ముసిరేవి. పైన ఏదో ఒక పళ్లెం బోర్లించేవాళ్లం. అన్నం మెతుకులు వేయడానికి దాన్ని తీయడం, తీసిన చేత్తోనే గరిటె పట్టుకోవడం, ఇదీ వరస. పెడల్ బుట్ట కొనాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

కొత్త బుట్టలో నాకు నిజంగా నచ్చింది ఈ పెడలే. కోడిమాంసం కడిగి కోసేటప్పుడు చేతులకు అంటే రసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. అదే చేత్తో మూత ఎత్తితే అవి మూతకు అంటుకుంటాయి, ఆ తరువాత టీ పొడి పారబోయడానికి వచ్చినవారి వేళ్లకు, అక్కడి నుంచి నీళ్ల గ్లాసుకు, పిల్లల పళ్లేనికి చేరతాయి. కాలితో నొక్కే ఏర్పాటు ఈ గొలుసును మొదట్లోనే తెంచుతుంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, అయినా వంగే పని లేకుండా నిలబడి వాడుకోగలుగుతున్నారు. మూత శబ్దం లేకుండా మూసుకోవడం మొదట్లో విలాసమనిపించింది కానీ, దభాలున పడే మూత ప్రతిసారీ లోపలి గాలిని మొహం మీదికి కొడుతుందని గమనించాక దాని విలువ తెలిసింది.

ఇక లోపం సంగతి. శ్రావణం రాకముందు ఒక ఆదివారం రొయ్యలు వండుకున్నాం. పొట్టంతా కవరులో కట్టి బుట్టలో వేశాం, సోమవారం ఉదయం ఆ కవరు చెత్త బండికి ఇచ్చేశాం. బుట్ట ఖాళీ అయింది కదా అని కొత్త కవరు తొడిగి ఊరుకున్నాం. గురువారం నాటికి వంటగదిలో కంపు మొదలైంది. కవరు మార్చినా పోలేదు, సింకు గొట్టంలో వేడినీళ్లు పోసినా పోలేదు. చివరికి లోపలి బకెట్టును పూర్తిగా పైకి లాగి చూస్తే, స్టీలు డబ్బా అడుగున అర అంగుళం మేర గోధుమరంగు నీళ్లు నిలిచి ఉన్నాయి, వాటి అంచున గోడ పట్టుకుని బియ్యపు గింజలంత తెల్లటి పురుగులు పాకుతున్నాయి. బకెట్టుకూ డబ్బాకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. కవరు పైకి తీసేటప్పుడు కారిన చుక్కలు ఆ సందులోంచి అడుగుకు జారిపోతాయి. బయటి డబ్బా అడుగుభాగం చుట్టూ లోపలికి మడిచిన అంచు ఒకటి ఉంది, ఆ మడతలోకి గుడ్డ పోదు, వేలూ పోదు. తయారుచేసినవారు బకెట్టును కడుక్కొమ్మని ఇచ్చారు, డబ్బాను కూడా కడగవలసి వస్తుందని ఆలోచించినట్టు లేదు.

నాలుగు రోజుల్లోనే పురుగులు ఎలా వచ్చాయని ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. నిజానికి అందులో వింత ఏమీ లేదు. ఆడ ఈగ ఒక్కో విడతకు నూరు దాకా గుడ్లు పెడుతుంది, వెచ్చటి తడి దొరికితే అవి ఒక్క రోజులోనే పగిలి పురుగులవుతాయి, మన ఎండలకు వారం పది రోజుల్లో మళ్లీ ఎగిరే ఈగలవుతాయి. ఈ లెక్క తెలిస్తే బుట్టను ఎన్నాళ్లకొకసారి కడగాలన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది. నెలకొకసారి కడిగే ఇంట్లో ఆ బుట్ట మూడు తరాల ఈగలను పెంచగలదు. వారానికి రెండుసార్లు కడిగితే గుడ్డు దశలోనో పురుగు దశలోనో వాటి కథ ముగుస్తుంది. చెత్తను రోజూ బయటికి పంపుతున్నాం కాబట్టి బుట్ట శుభ్రంగా ఉన్నట్టే అనుకోవడం మేము చేసిన పొరపాటు. ఈగలకు కావలసింది చెత్త మొత్తం కాదు, అడుగున మిగిలిన నాలుగు చుక్కల జిగురు చాలు.

ఈగ మలం మీద, కుళ్లిన మాంసం మీద వాలి, అవే కాళ్లతో అన్నం మీద వాలుతుంది. పైగా గట్టి పదార్థాన్ని నేరుగా తినలేదు కనుక దాని మీద కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. అతిసారం, జిగట విరేచనాలు, టైఫాయిడ్ వంటివి ఇలా వ్యాపించగలవు. చెత్తబుట్ట అడుగు పట్టుకుని బతికే బొద్దింకల మలం, అవి విడిచిన పొట్టు ఎండి పొడై గాలిలో కలిస్తే, ఆస్తమా ఉన్నవారికి, ముఖ్యంగా పిల్లలకు ఆయాసం పెరుగుతుంది. బుట్ట వాసనకు ఎలుకలు అలవాటుపడితే వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) ప్రమాదం కూడా ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహార పదార్థాల్లో బాక్టీరియా వేగంగా పెరుగుతుంది, మన వంటగదులు ఏడాది పొడవునా ఆ పరిధిలోనే ఉంటాయి. ఆ వారంలోనే మా చిన్నవాడికి రెండు రోజులు విరేచనాలయ్యాయి. దానికి ఈ బుట్టే కారణమని నేను రుజువు చేయలేను. కానీ మూత అంచు పట్టుకుని నిలబడే వయసు వాడిది, ఆ అంచును నేను అంతకుముందు నెల రోజులుగా తుడవలేదన్నది మాత్రం నిజం.

అప్పటినుంచి ఆదివారం, బుధవారం బుట్ట కడుగుతున్నాం. కడిగే వరస ముఖ్యం. ముందు సబ్బునీళ్లతో జిడ్డు, మెతుకులు పూర్తిగా పోయేలా రుద్దాలి, ఎందుకంటే మురికి ఉన్నచోట బ్లీచ్ పనంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవుల దాకా చేరదు. ఆ తరువాత 4, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ద్రవాన్ని లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున అప్పటికప్పుడు కలిపి, ప్లాస్టిక్ బకెట్టు లోపలంతా తడిపి, పది నిమిషాలు ఉంచి కడిగేస్తాం. పాత టూత్‌బ్రష్ ఒకటి మూత కీలుకూ, పిడి బిగించిన రంధ్రాలకూ ప్రత్యేకించాం. చివరగా బాల్కనీలో ఎండకు బోర్లించి, చుక్క తడి లేకుండా ఆరాకే కవరు తొడుగుతాం. ఈ ఆరబెట్టడాన్ని చాలామంది వదిలేస్తారు కానీ, నా అనుభవంలో కంపు తగ్గడానికి బ్లీచ్ కంటే ఎండే ఎక్కువ పనిచేసింది. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకూడదు. రెండూ కలిస్తే వెలువడేది క్లోరిన్ వాయువు, మూసి ఉన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఇక్కడే స్టీలు డబ్బా రెండో లోపం బయటపడింది. బ్లీచ్‌లోని క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా పడదు. మొదట తెలియక డబ్బాకూ బ్లీచ్ పట్టించాం, మూడు నెలలకు కీలు దగ్గర తుప్పు మచ్చలు పడ్డాయి, పదో నెలలో మూత స్ప్రింగు బిగుసుకుపోయింది. అమ్మినవారికి ఫోన్ చేస్తే విడిభాగాలు రావని, కొత్తది కొనుక్కొమ్మని చెప్పారు. వీధి చివర గ్యాస్ స్టవ్‌లు బాగుచేసే అతను అరవై రూపాయలకు వేరే స్ప్రింగు వేశాడు, ఇప్పటికీ అదే పనిచేస్తోంది. స్టీలుకు ఇప్పుడు సబ్బునీళ్లు, పొడి గుడ్డ మాత్రమే వాడుతున్నాం. అడుగున పాత వార్తాపత్రిక నాలుగు మడతలు పరిచి, ప్రతి ఉదయం తీసి చూస్తాం, తడిగా ఉంటే ఆ రోజు డబ్బా కూడా కడగాలని అర్థం.

తడి, పొడి చెత్త వేరు చేయడం కూడా బుట్ట శుభ్రతలో భాగమేనని ఈ పద్నాలుగు నెలల్లో అర్థమైంది. పాల ప్యాకెట్లను కడిగి ఆరబెట్టి పొడి చెత్తలో వేస్తే ఆ బుట్ట నెలల తరబడి కంపు కొట్టదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు శానిటరీ ప్యాడ్లను, డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలని చెప్పాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఇలాంటివాటికి ఎర్ర బుట్ట కూడా ఇచ్చారు. మా అపార్ట్‌మెంటుకు చెత్త తీసుకెళ్లడానికి వచ్చే ఆమె చేతి తొడుగులు లేకుండానే మా చెత్తను బండిలో వేరు చేస్తుంది. ఆమె బొటనవేలికి కట్టు చూశాకే మేము పగిలిన గాజును కాగితంలో చుట్టి, పైన రాసి ఇవ్వడం మొదలుపెట్టాం. బయట ఉంచే బుట్టల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం: మూత గుంటలో వాన నీరు నిలిస్తే, డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ అక్కడ గుడ్లు పెడితే, అవి వారం పది రోజుల్లో కొత్త దోమలుగా బయటికి రాగలవు. మా బాల్కనీ నీలం బుట్టను వానాకాలమంతా గోడకు ఏటవాలుగా ఆనించి ఉంచాం.

ఈ బుట్టను కొనవచ్చా అంటే, పెడల్ బుట్ట తప్పకుండా కొనండి, కానీ ఈ రకం స్టీలు డబ్బాది కొనకండి. అదే ఏర్పాటుతో పూర్తి ప్లాస్టిక్‌లో దొరికేవి ఏడెనిమిది వందలకే వస్తున్నాయి. దుకాణంలో నిలబడే లోపలి బకెట్టును పైకి తీసి, బయటి డబ్బా అడుగున వేలు తిప్పి చూడండి. మడతలేవీ తగలకుండా నున్నగా ఉంటే, మూత కీలు ఊడదీసి మళ్లీ బిగించే వీలుంటే తీసుకోండి. పన్నెండు లీటర్ల కంటే పెద్దది నలుగురికి అక్కరలేదు, పెద్దదైతే నిండే దాకా రెండు రోజులు ఆగాలనిపిస్తుంది. మా ఇంటికి వచ్చే నెలలో ఎనిమిది లీటర్ల ప్లాస్టిక్ పెడల్ బుట్ట వస్తోంది, ఈ స్టీలు డబ్బాలో పాత వార్తాపత్రికలు పెట్టుకుంటాం.