చేత్తో తోసి లాన్ గడ్డి కోసే మిషను, నెల్లూరు ఎండల్లో వాడినాక రాస్తున్నా

మోటారు లేదు, పెట్రోలు లేదు, వైరు లేదు. రెండు చక్రాలు, మధ్యలో రోలర్ మాదిరి తిరిగే అయిదు బ్లేడ్లు (దీన్నే రీలు అంటారు), వాటి కింద కదలకుండా ఉండే ఇంకో బ్లేడు, పట్టుకోడానికి పొడుగు హ్యాండిలు, అంతే. ఆన్‌లైన్‌లో రీల్ మూవర్ అని కొడితే వస్తాయి, నేను తీసుకుంది పన్నెండు అంగుళాల వెడల్పున కోసేది, నాలుగు వేల చిల్లర పడింది. మాది నెల్లూరు వేదాయపాళెం, ఇంటి ముందర సెంటు జాగాలో, అంటే 48 గజాలు, బెర్ముడా లాన్ ఉంది, మన గరిక జాతే. ఈ సైజు లాన్‌కి ఈ మిషను బో బాగా సరిపోయింది, అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తా.

ముందు ఒకాయన నెలకోసారి బ్రష్ కట్టర్, అంటే నైలాన్ దారం గిరగిరా తిప్పి గడ్డి కొట్టే మిషను, తెచ్చి కోసి పోయేవాడు. గడ్డి పెరిగిందాకా ఆగి ఒక్కసారే నేలకి సమంగా గీకేస్తే ఏమవుద్దంటే, పచ్చటి ఆకంతా పైనే ఉంటది కాబట్టి అది పోయి కింద ఎండు కాడలే మిగుల్తాయి, ఆకు లేకపోతే వేరుకి తిండి లేదు, నేల బయటపడి ఎండ నేరుగా తగుల్తది, ఆ ఖాళీల్లో తుంగ లేస్తది. ఎండాకాలంలో అట్టా గీకిస్తే లాన్ కోలుకునేసరికి వానలొచ్చేస్తాయి. పైగా ఆ నైలాన్ దారం గడ్డిని కొయ్యదు, కొట్టి చీలుస్తది, మర్నాటికి కొసలన్నీ తెల్లబడతాయి.

ఈ మిషను కత్తెర లెక్క రెండు బ్లేడ్ల మధ్య ఆకుని పట్టి తెంచుద్ది. కోత శుభ్రంగా ఉంటది, కొస ఎండదు. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తియ్యకూడదు, నేను రెండుంపావు అంగుళాలకి వచ్చిందాన్ని అంగుళంన్నరకి దించుతా, రోహిణి కార్తెలో అయితే కోత ఎత్తు సెట్టింగ్ అన్నిటికంటే పైకి పెట్టి అట్టా అట్టా తగిలిస్తా చాలు. చప్పుడు లేదు కాబట్టి తెల్లారి ఎండ రాకముందే తోసెయ్యొచ్చు, పక్కింటోళ్ళకి నిద్ర చెడదు, మా అమ్మ కూడా అవలీలగా తోస్తది.

సంచి ఒకటి ఇస్తారు వెనక తగిలించుకోడానికి, అది దండగ, ఊరికే ఊడిపోద్ది. నేను తీసేశా. కోసిన తుంపులు చిన్నవి కాబట్టి లాన్ మీదే వదిలేస్తే కుళ్ళి నత్రజని మళ్ళీ నేలకే పోద్ది, యూరియా ఖర్చు తగ్గుద్ది.

ఒక స్టారు ఎందుకు తీశానంటే, గడ్డి బాగా పెరిగిపోతే ఇది కొయ్యదు, పక్కకి వంచేసి పైనించి పోద్ది. మనకి అక్టోబరు నవంబరుల్లోనే కదా అసలు వానలు, అప్పుడు నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గడ్డి చేతికందదు, తడి మీద చక్రాలు జారతాయి. తుంగ కాడలు కూడా తెగవు, వాటిని ఎట్టాగూ కింద గడ్డతో సహా తవ్వి తియ్యాల్సిందే. వేపచెట్టు కింద అయితే ముందు పుల్లలన్నీ ఏరుకోండి, ఒక్క పుల్ల ఇరుక్కున్నా రీలు ఆగిపోద్ది. సముద్రం గాలికి తుప్పు తొందరగా వస్తది, వాడిన ప్రతిసారీ తుడిచి మిషను ఆయిల్ రాయాలి.

పదును గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది రివ్యూల్లో మిషను పనికిరాదు అని రాసేది ఇక్కడే. బ్లేడ్ల మధ్య న్యూస్‌పేపర్ ముక్క పెట్టి రీలుని చేత్తో తిప్పండి, వేళ్ళు జాగ్రత్త, పేపరు తెగితే సెట్టింగ్ బాగున్నట్టు, నలిగితే పక్క స్క్రూలు రవ్వంత బిగించాలి. దానికీ తెగకపోతే బైకు మెకానిక్కులు వాడే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు బ్లేడ్లకి పూసి రీలుని వెనక్కి తిప్పితే పదునెక్కుద్ది, తర్వాత కడిగి ఆయిల్ పెట్టాలి.

ఇంత కోసినా గడ్డి పసుపుగానే ఉందంటే తప్పు మిషనుది కాకపోవచ్చు. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అట్టాంటి నీళ్ళకి, సున్నం ఎక్కువున్న నేలకి ఇనుము అందక లేత ఆకు పాలిపోద్ది. లీటరు నీళ్ళకి అయిదు గ్రాములు అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేటు), రవ్వంత నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట స్ప్రే చెయ్యండి, గచ్చు మీద పడితే వెంటనే కడగండి, తుప్పు మరక పడితే ఒక పట్టాన పోదు. నీళ్ళు కూడా రోజూ చిలకరించే కంటే రెండు మూడు రోజులకోసారి వేరు దాకా దిగేట్టు పొద్దున్నే పెట్టాలి, అయితే మాది ఇసుక నేల, నల్లరేగడి వాళ్ళు ఇంకా తగ్గించుకోవచ్చు.

కొనేవాళ్ళు అయిదు బ్లేడ్లకి తగ్గకుండా చూసుకోండి, ఎత్తు మార్చేది స్పానరు లేకుండా చేత్తో మారేదయితే ఇంకా మంచిది. మూడు నాలుగు సెంట్ల లాన్ ఉన్నోళ్ళకి పన్నెండు అంగుళాలది చాలదు, పదహారుది తీసుకోండి.