బస్తా మీద 22 శాతం, బకెట్‌లో మిగిలిపోయిన పిండి: ఆరేళ్లు స్టార్టర్ దాణా వాడాక

ఆరేళ్లుగా దూడలకి స్టార్టర్ దాణా, అంటే పాలు తాగే వయసులోనే అలవాటు చేసే గింజల దాణా, పెడుతున్నాను. మూడు రకాలు మార్చాను, మధ్యలో కొన్నాళ్లు నేనే కలిపి పెట్టాను, డెబ్భై దాకా పెయ్య దూడలు వీటి మీదే పెరిగాయి. కంపెనీల పేర్లు రాయను, ఒకే కంపెనీ బస్తా ఒక్కో లోడులో ఒక్కోలా వచ్చిన అనుభవం కూడా ఉంది, అది చివర్లో చెప్తాను. ఏ రకం దాణా, లోపల ఏముంది, దూడ దాన్ని ఏం చేసింది, అంతవరకే రాస్తాను.

మొదటి బస్తా కొన్నప్పుడు నేను చూసింది ఒకటే, ప్రొటీన్ ఎంత అని. 22 శాతం అని పెద్ద అక్షరాల్లో ఉంది, పక్కన 18 శాతంది ఉంది, ఇక ఆలోచించేదేముంది అనుకున్నాను. అది మెత్తటి పొడి దాణా, మ్యాష్. దూడ మూతి పెట్టగానే తుమ్మేది. తడి ముక్కుకి పిండి అంటుకుని ముద్దకట్టేది, రెండుసార్లు నాకి వెనక్కి వెళ్లిపోయేది. సాయంత్రం చూస్తే పొద్దున్న పోసింది పోసినట్టే ఉండేది. 22 శాతం దాణా రోజుకి గుప్పెడు తింటే దూడకి అందిన ప్రొటీన్ ఎంత? ఈ లెక్క వేసుకోడానికి నాకు ఒక సీజన్ మొత్తం పట్టింది. రెండు నెలలకి దూడ పుట్టినప్పటి బరువుకి రెండింతలవ్వాలన్నది పాడి పెంచేవాళ్లందరూ పెట్టుకునే గురి. ఆ మ్యాష్ ఏడాదిలో మా షెడ్డులో ఒక్క దూడ కూడా దాన్ని అందుకోలేదు.

అసలు స్టార్టర్ ఎందుకు పెడుతున్నామో కూడా అప్పటికి నాకు సరిగ్గా తెలీదు. పాలు చాలక పెట్టేది అనుకునేవాణ్ణి. పుట్టిన దూడకి పొట్టలో నాలుగు అరలున్నా పనిచేసేది నాలుగోదే. పాలు తాగేటప్పుడు గొట్టంలా ముడుచుకునే ఒక కాలువ పాలని నేరుగా అక్కడికే పంపిస్తుంది. పెద్ద ఆవులో అన్నిటికంటే పెద్దదైన రూమెన్ దూడలో చిన్న సంచిలా, లోపలి గోడ దాదాపు నున్నగా ఉంటుంది. దూడ గింజలు తినడం మొదలుపెట్టాక సూక్ష్మజీవులు అందులోని పిండి పదార్థాన్ని పులియబెడతాయి, అప్పుడు పుట్టే ఆమ్లాల్లో ముఖ్యంగా బ్యుటిరేట్, దాని తర్వాత ప్రొపియొనేట్, ఆ గోడ మీద సన్నటి వేళ్లలాంటి మొలకలు పెరిగేలా చేస్తాయి. పెద్దయ్యాక మేతలోని శక్తిని పీల్చుకునేది ఆ మొలకలే. పాలు ఎన్ని తాగించినా ఈ పని జరగదు, ఎందుకంటే పాలు అటువైపే వెళ్లవు. ఇది మా పశువైద్యుడు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు, ఆ కాగితం ఇప్పటికీ దాణా గది తలుపుకి అతికించి ఉంది.

ఇది తెలిశాక నాకు కాస్త అతి తెలివి వచ్చింది. పిండి పదార్థం వల్లే మొలకలు వస్తాయంటే మొక్కజొన్న ఎక్కువేసి, మెత్తగా మర పట్టించి, నేనే కలిపితే పోలేదా అని. కలిపాను. మొదటి వారం దూడలు బాగానే తిన్నాయి, నాకు భలే గర్వంగా కూడా అనిపించింది. తర్వాత మొదలైంది అసలు తంతు. ఒకరోజు బకెట్ ఖాళీ, మర్నాడు మూతి కూడా పెట్టవు, మళ్లీ ఎల్లుండి ఎగబడి తింటాయి. పేడ పల్చగా, బూడిద రంగులో, నురగతో. రెండు దూడలకి పొట్ట ఉబ్బింది. పారుడు అనుకుని నేను మందుల వెంట పడ్డాను, డాక్టర్ గారు వచ్చి బకెట్‌లో చెయ్యి పెట్టి పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, రోగం ఇక్కడుంది అన్నాడు. మరీ మెత్తటి పిండి చాలా వేగంగా పులుస్తుంది, రూమెన్‌లో ఆమ్లం పేరుకుంటుంది, వచ్చిన మొలకలు కూడా ఒకదానికొకటి అతుక్కుని మందంగా గట్టిపడిపోతాయి. గింజని నూకలా పట్టించు, లేదా నలగ్గొట్టి వదిలెయ్, కొంచెం పీచు ఉండనివ్వు అన్నాడు. మొక్కజొన్న అదే, మర జల్లెడ ఒక్కటే మార్చాను. పది రోజుల్లో పేడ గట్టిపడింది, తినడంలో ఆ ఒకరోజు విందు ఒకరోజు ఉపవాసం పోయింది.

ఆ సొంత మిశ్రమంలోనే ఇంకో రెండు తప్పులు చేశాను, అవీ చెప్తాను, మీరు చేయకండి. ప్రొటీన్ పెంచడానికి పత్తి చెక్క వేశాను. పెద్ద ఆవులు తింటున్నాయి కదా అని. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, పెద్ద ఆవు రూమెన్ దాన్ని చాలావరకు కట్టడి చేస్తుంది, దూడకి ఆ శక్తి ఉండదు. రెండోది, దాణా అయిపోయిన ఒక వారం పెద్ద ఆవుల దాణానే దూడలకీ పోశాను. అందులో యూరియా ఉంది. యూరియాని ప్రొటీన్‌గా మార్చుకునే సూక్ష్మజీవులు దూడ పొట్టలో ఇంకా స్థిరపడవు, కానీ లేబుల్ మీద ముడి ప్రొటీన్ లెక్కలో యూరియా కూడా కలిసిపోతుంది. నత్రజని కొలిచి దాన్ని 6.25తో గుణించి ఆ అంకె వేస్తారు, ఆ నత్రజని సోయా చెక్కలోంచి వచ్చిందా యూరియాలోంచి వచ్చిందా అన్నది ఆ అంకెకి పట్టదు. దేవుడి దయవల్ల దూడలేవీ పోలేదు. అప్పట్నుంచి లేబుల్ మీద పెద్ద అంకె వదిలేసి కింద చిన్న అక్షరాల్లో పదార్థాల వరుస చదవడం అలవాటైంది. సోయా చెక్క ముందు వరుసలో ఉంటే నాకు నిశ్చింత. సోయా గింజలే వేసినట్టుంటే వేయించారా లేదా అడుగుతాను, పచ్చి సోయాలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది. వేరుశనగ చెక్క ఉంటే బూజు వాసన చూస్తాను, కానీ బూజు వదిలే విషం అఫ్లటాక్సిన్ వాసనకి దొరకదు, అందుకే ఎక్కువ మోతాదులో ఉన్నవి కొనను.

శాతం విషయానికొస్తే, మొత్తం దాణాలో 18 నుంచి 20 శాతం ప్రొటీన్ ఉండి దూడ బాగా తింటే చాలు, 22కి వెళ్లినప్పుడు మా దూడల్లో నాకు తేడా కనపడలేదు. 16 కంటే తగ్గితే మాత్రం తెలిసిపోతుంది, దూడ పొట్టిగా, గుండ్రంగా పెరుగుతుంది, ఎముక సాగదు. కొవ్వు 3, 4 శాతం దాటక్కర్లేదు. శక్తి వస్తుందని ఒకసారి నూనె కలిపాను, తినడం తగ్గించేశాయి, అంతే, మళ్లీ ఆ జోలికి పోలేదు.

మూడో ఏడాది పెల్లెట్లకి, అంటే గుళికల దాణాకి మారాను. ఇవి రెండేళ్లు వాడాను. మంచివే. ఏరుకుని తినే వీల్లేదు, ప్రతి గుళికలో అన్నీ ఉంటాయి, దుమ్ము ఉండదు. కానీ గుళిక గట్టిదనం మీద చాలా ఆధారపడి ఉంటుంది. మరీ గట్టిగా ఉంటే మూడు వారాల దూడ నోట్లో చప్పరించి వదిలేస్తుంది, మరీ మెత్తగా ఉంటే బస్తా అడుక్కి వచ్చేసరికి సగం పొడి, అంటే డబ్బులు పెట్టి మళ్లీ మ్యాష్ కొన్నట్టే. నా పరీక్ష ఏంటంటే, గుళికని రెండు వేళ్లతో విరిస్తే విరగాలి, నలిపితే పొడవ్వకూడదు. పెల్లెట్ల మీద దూడలు పెరిగాయి, రెండింతల గురి చాలా దూడలు దాటాయి. ఒక్క ఇబ్బంది, షెడ్డు కర్రలు, గోడలు, పక్క దూడ చెవులు తెగ నాకేవి. నమలడానికి ఏమీ లేక అని తర్వాత అర్థమైంది, గుళికల్లో పీచు ఉన్నా అది పొడి చేసిన పీచు.

అక్కడ ఎండుగడ్డి సంగతి వస్తుంది. ఎండుగడ్డి పెట్టొద్దని కొందరు, పెట్టాలని కొందరు. నేను రెండూ చేశాను. చిన్నప్పుడే కట్టలు కట్టలు వేలాడదీస్తే దూడ దానితోనే పొట్ట నింపుకుంటుంది, స్టార్టర్ తగ్గుతుంది. పొట్ట జారి, వెన్ను సన్నబడి, చూడ్డానికి పెద్దగా కనిపిస్తుంది కానీ అది పెరుగుదల కాదు. తూకం యంత్రం కూడా ఇక్కడ మోసం చేస్తుంది, పొట్టలో నానుతున్న గడ్డి బరువు దూడ బరువులో కలిసిపోతుంది. ఆ ఏడాది తూకం చూసి నేను సంతోషపడితే మా ఆవిడ నడుము ఎత్తు కొలిచి, ఇది పోయిన నెల ఎంతుందో అంతే ఉంది అని చూపించింది. అప్పట్నుంచి ఛాతీ చుట్టుకొలత టేపు, ఎత్తు కర్ర, రెండూ వాడుతున్నాం. ఇప్పుడు మూడో వారం నుంచి గడ్డిని వేలు ముక్కంత కత్తిరించి, దాణాలో ఇరవయ్యో వంతు కలుపుతాను. గోడలు నాకడం ఆగింది. నెమరు కూడా త్వరగా మొదలవుతోంది, అది చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో.

ఇప్పుడు వాడుతున్నది మూడో రకం, నలగ్గొట్టిన మొక్కజొన్న, ఓట్స్, మధ్యమధ్యలో ప్రొటీన్, ఖనిజాల గుళికలు, పైన కొద్దిగా మొలాసిస్ (చెరకు మడ్డి) పూసి ఉంటుంది. నా ఆరేళ్లలో దూడలు పుట్టిన మొదటి వారంలోనే ముట్టుకున్న దాణా ఇదొక్కటే. నాలుగో రోజు నుంచి గుప్పెడు పెడతాను, పాలు తాగడం అవ్వగానే నోట్లో కాస్త వేస్తే రుచి పడుతుంది. లోపాలూ ఉన్నాయి. ఎండాకాలం మొలాసిస్ వల్ల గడ్డకడుతుంది, ఈగలు ముసురుతాయి, రోజూ పాతది తీసేయాల్సిందే. తెలివైన దూడలు గింజలు తిని గుళికలు వదిలేస్తాయి, అంటే ప్రొటీన్ బకెట్‌లో, పిండి దూడలో. బకెట్ ఖాళీ అయ్యాకే కొత్తది పోస్తే కొంత తగ్గుతుంది.

నీళ్ల గురించి వేరే రాయాలి, ఎందుకంటే ఏ బస్తా మీదా అది రాయరు. పాలు నాలుగో అరకి పోతాయి కదా, విడిగా తాగిన నీళ్లే రూమెన్‌లోకి వెళ్తాయి, సూక్ష్మజీవులు బతకాలంటే ఆ నీళ్లు కావాలి. కిలో స్టార్టర్ తినే దూడ దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతుంది. మొదటి రెండేళ్లు నేను పాలలో నీళ్లున్నాయి కదా అని పెట్టలేదు, దాణాని తిట్టుకున్నాను. నీళ్ల బకెట్ పెట్టిన వారం నుంచే స్టార్టర్ తినడం పెరిగింది. రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టకండి, తడి మూతితో వచ్చి దాణా పాడుచేస్తాయి.

పాలు మాన్పించడం మొదట్లో వయసు చూసి చేసేవాణ్ణి, రెండు నెలలు నిండాయా, ఆపెయ్. కొన్ని దూడలు రెండు వారాలపాటు పెరగడం ఆపేసేవి, బొచ్చు నిక్కబొడుచుకుని నిలబడేవి. ఇప్పుడు వరసగా మూడు రోజులు కిలో చొప్పున స్టార్టర్ తిన్నాకే, అదీ వారం పది రోజులు పాలు తగ్గిస్తూ వెళ్లి ఆపుతాను. జెర్సీలాంటి చిన్న జాతికి కిలో అక్కర్లేదు. పాలు ఎక్కువ పోసిన దూడ స్టార్టర్ తక్కువ తింటుంది, అది దాణా తప్పు కాదు, కాబట్టి రెండు దాణాలు పోల్చాలంటే పాలు ఒకే కొలతలో పోయండి, లేకపోతే నాలాగే మంచి దాణాకి చెడ్డపేరు పెడతారు. మాన్పించాక కూడా రెండు వారాలు అదే స్టార్టర్, వెంటనే చౌక దాణాకి దింపొద్దు.

దాణాలో కలిపే మందుల్లో నేను విలువిచ్చేది కాక్సిడియా (పేగుల్లో చేరి నెత్తుటి పారుడు తెప్పించే పరాన్నజీవి) మందు ఒక్కటే. నెత్తుటి పేడ పెట్టిన దూడ కోలుకున్నా నెలల తరబడి వెనకే ఉంటుంది. అలాంటి మందుల్లో ఒకటైన మోనెన్సిన్ కలిపిన బస్తా అయితే గుర్రాలకి, కుక్కలకి అందనివ్వకండి, వాటికి విషం. ఈస్ట్, సువాసనలు వగైరా ఉన్నవీ లేనివీ వాడాను, నా దూడలేవీ పట్టించుకోలేదు.

ఇక చివర్లో చెప్తానన్నది. నిరుడు ఒక లోడు వచ్చాక దూడలు ఉన్నట్టుండి తినడం తగ్గించాయి. రోగం లేదు, జ్వరం లేదు, నీళ్లు మామూలే. మా ఆవిడ పాత బస్తాలో మిగిలిన దాణా, కొత్తది పక్కపక్కన పళ్లెంలో పోసి చూపించింది. కొత్తదాంట్లో ఓట్స్ దాదాపు లేవు, బదులుగా తవుడు రంగు గుళికలు ఎక్కువ ఉన్నాయి, అడుగున పొడి కూడా. పంపినవాళ్లకి ఫోన్ చేస్తే, ముడి సరుకు ధరని బట్టి మిశ్రమం మారుస్తూ ఉంటాం సార్, ప్రొటీన్ మాత్రం అంతే ఉంది చూడండి అన్నారు. నిజమే, లేబుల్ మీద అంకె మారలేదు. ఇప్పుడు ప్రతి లోడు నుంచి ఒక గాజు సీసా నిండా దాణా తీసి, తేదీ రాసి దాణా గది అరలో పెడుతున్నాం, కొత్త బస్తా విప్పగానే ముందు ఆ సీసా పక్కన పోసి చూస్తాం. పోయిన వారం వచ్చిన లోడు సీసాతో సరిపోయింది, ఓట్స్ మళ్లీ కనిపిస్తున్నాయి.